మేకను మాటల్లో చెప్పకండి: చిన్నపిల్లలకు నవ్వొచ్చే బొమ్మల పుస్తకం చెయ్యడం

నాలుగేళ్ల పిల్లాడికి చదవడం రాదు. బొమ్మ చూడటం మాత్రం మనకన్నా బాగా వచ్చు. మనం అక్షరాల వెంట పోతుంటే వాడి కళ్లు పేజీ అంతా తిరిగేసి, మూలనున్న చీమను కూడా పట్టుకుంటాయి. నవ్వించే బొమ్మల పుస్తకం చెయ్యాలనుకునేవాళ్లు మొదట నమ్మాల్సింది ఇదే. నవ్వును మాటల్లో పెడితే అది పెద్దవాళ్ల నోటి నుంచి పిల్లాడికి చేరాలి. బొమ్మలో పెడితే పెద్దవాళ్లకన్నా ముందు వాడికే దొరుకుతుంది. "అమ్మా, నువ్వు చూళ్లేదు, ఇదిగో ఇక్కడ!" అని పేజీ మీద వేలు పెట్టి గెంతాడంటే మీ పుస్తకం పనిచేసినట్టే.

నేను విజయవాడలో ఒక ప్రెస్సులో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేస్తూ, శుభలేఖలకూ కరపత్రాలకూ బొమ్మలు వేస్తూ ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చిన్న పుస్తకాలు రాసి, బొమ్మలూ నేనే వేస్తాను. మా వీధి అంగన్‌వాడీలో చదివి వినిపించాకే ఏ పుస్తకమైనా ప్రెస్సుకు వెళ్తుంది. బొమ్మలు గొప్పగా వెయ్యడం రాకపోయినా మీరూ చెయ్యొచ్చు. గీత వంకరగా ఉన్నా పిల్లలకు పట్టదు. ఎవరు ఎటు చూస్తున్నారో, ఏం పట్టుకున్నారో తెలిస్తే వాళ్లకు చాలు.

మొదలుపెట్టే ముందు కొన్ని పుస్తకాలు చూడండి. మనలో చాలామందికి పిల్లల పుస్తకం అనగానే చందమామ గుర్తొస్తుంది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక బొమ్మలంటే నాకు ప్రాణం. కానీ అందులో బొమ్మ తీసేసినా కథ అర్థమవుతుంది. చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలో బొమ్మ తీసేస్తే కథ సగమే మిగలాలి. అలాంటివి తెలుగులో ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వాళ్లవి, చెన్నై తూలిక వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తెప్పించుకోండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్లో తెలుగు పుస్తకాలు ఫోన్లోనే ఉచితంగా చదవొచ్చు. చదివేటప్పుడు మాటల మీద చెయ్యి అడ్డం పెట్టి బొమ్మలు మాత్రం చూడండి. తర్వాత బొమ్మలు మూసి మాటలు చదవండి. రెండుసార్లూ ఒకే కథ వచ్చిందంటే ఆ పుస్తకం నుంచి మీరు నేర్చుకునేది తక్కువ.

ఏ వయసుకు ఏ నవ్వు

రెండేళ్ల పిల్లలకు వస్తువు ఉండకూడని చోట ఉంటే చాలు. తల మీద చెప్పు పెట్టుకున్న మామయ్య, గిన్నెలో కూర్చున్న పిల్లి. మూడేళ్లకు పేర్లు, అరుపులు తారుమారు చేస్తే పడీపడీ నవ్వుతారు. కుక్క "అంబా" అంటే నవ్వు రావడానికి కారణం, కుక్క ఏమంటుందో వాళ్లకు ఈ మధ్యే గట్టిగా తెలియడం. నాలుగేళ్లు దాటేసరికి ఇంకో శక్తి వస్తుంది. తమకు తెలిసింది ఎదుటివాళ్లకు తెలియకపోవచ్చని అర్థమవుతుంది. కథలో మనిషికి తెలియని గుట్టు తమ చేతిలో ఉంటే ఆ వయసు పిల్లలకు పట్టలేనంత సంతోషం. నేను ఎక్కువగా ఈ నవ్వు మీదే పనిచేస్తాను.

శ్లేషలు, పొడుపు కథలు ఆరేడేళ్లు వచ్చాక అందుతాయి. వెటకారం మాత్రం వద్దు. "అబ్బో, ఎంత మంచి పని చేశావో!" అంటే నాలుగేళ్ల పిల్ల తనను మెచ్చుకున్నారనే అనుకుంటుంది.

కథ రెండు వాక్యాల్లో పట్టాలి

ఇప్పుడు నా బల్ల మీదున్న పుస్తకాన్నే ఉదాహరణగా చెప్తాను. పేరు నాన్నమ్మ గృహప్రవేశం. కథ ఇది: కొత్తింట్లో శుభకార్యం రోజు ఆకులన్నీ మాయమైపోతుంటాయి. తింటున్నది మేక అని పిల్లలకు తెలుసు, నాన్నమ్మకు తెలియదు.

ముందు తాంబూలానికి పెట్టిన తమలపాకులు పోతాయి. తర్వాత గుమ్మానికి కట్టిన మామిడాకులు. ఆఖర్న భోజనాలకు తెచ్చిన అరటాకులు. ఈ వరస ఊరికే పెట్టలేదు. ఆకు పెద్దదవుతూ పోతుంది, నష్టం పెద్దదవుతుంది, మేక పొట్ట కూడా పెద్దదవుతుంది. మూడుసార్లు ఎందుకంటే, మొదటిసారి అది ఒక సంఘటన, రెండోసారికి పిల్లలకు వరస దొరికిపోతుంది, మూడోసారి పేజీ తిప్పకముందే వాళ్లు అరవడం మొదలుపెడతారు. ఏడు చేపల కథ చెప్పేటప్పుడు గడ్డిమేటు దగ్గర మొదలుపెడితే ఆవు, పాలేరు, అవ్వ అంటూ పిల్లలే అందుకుంటారు కదా, అక్కడ పనిచేసేది ఇదే. నాలుగోసారి కూడా అదే జరిగితే విసుగొస్తుంది. మూడు అయ్యాక కథ మలుపు తిరగాలి.

డమ్మీ, పేజీ తిప్పడం

కంప్యూటర్ దగ్గర కూర్చోకముందే డమ్మీ, అంటే చేత్తో చేసిన నమూనా పుస్తకం, చెయ్యండి. నాలుగు ఏ4 కాగితాలు కలిపి మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొట్టండి. 16 పేజీల పుస్తకం చేతికొస్తుంది. విదేశాల్లో బొమ్మల పుస్తకాలు మామూలుగా 32 పేజీలుంటాయి. దానికి ఎనిమిది కాగితాలు కావాలి. మూడేళ్ల పిల్లల ఓపికకూ మన జేబుకూ 16 సరిపోతుందని నా అభిప్రాయం. ఎన్ని పెట్టినా నాలుగుతో భాగించబడాలి, లేకపోతే చివర తెల్ల పేజీలు మిగులుతాయి.

ఇప్పుడు ఆ డమ్మీ చేత్తో తిప్పి చూడండి. ఒకటో పేజీ కుడివైపు ఒంటరిగా ఉంటుంది. 2-3 నుంచి 14-15 దాకా ఏడు జంట పేజీలు. 16 ఎడమవైపు ఒంటరిగా. పేజీ తిప్పే చోటు ఎప్పుడూ కుడి పేజీ చివర, అంటే 3, 5, 7 అలా బేసి సంఖ్య దగ్గర వస్తుంది. ఊరించడం అంతా అక్కడ ఉండాలి, జరిగింది తర్వాతి సరి పేజీలో కనబడాలి. నా పుస్తకంలో 3, 7, 11, 15 చివర ఊరింపు. 4, 8, 12, 16లో ఫలితం. ఫలితం 7లోనే పడిందనుకోండి, పిల్లాడు 6 చదువుతుండగానే పక్క పేజీ చూసేస్తాడు. నవ్వు అక్కడే చచ్చిపోతుంది. కథ ఎంత బాగున్నా ఈ ఒక్క లెక్క తప్పితే ఏదీ నిలబడదు. అందుకే నేను మాటలు రాయడానికన్నా ముందు డమ్మీలో పేజీల అంకెలు వేసి, ఏ పేజీలో ఏం జరుగుతుందో పెన్సిల్‌తో ఒక్కో ముక్క రాసుకుంటాను.

ఊరించడానికి తెలుగు వాక్యం ఎంత అనువుగా ఉంటుందో చూడండి. మనకు క్రియ చివర వస్తుంది. "-సరికి", "-గానే", "-తే" దగ్గర ఆపేస్తే మిగతా సగం కోసం పిల్లల చెయ్యి దానంతటదే పేజీ మూలకు వెళ్తుంది.

"నాన్నమ్మ వంద తమలపాకులు లెక్కపెట్టి పళ్లెంలో పేర్చింది. వక్కలు తెచ్చేసరికి..."

పేజీ తిప్పితే,

"ఖాళీ!"

ఇంతే. ఆ మూడు చుక్కల దగ్గర చదివేవాళ్లు ఊపిరి బిగబట్టి ఆగాలి. పుస్తకం అంతా ఒకే ముగింపు వాడకుండా "తోరణం కట్టి వెనక్కి తిరిగితే...", "కర్ర పట్టుకుని అరటాకుల ముందే కూర్చుంటే..." అని మార్చుకుంటూ వెళ్లాను.

మాటల్ని కత్తిరించడం

అన్నిటికన్నా కష్టం ఇక్కడే. అలవాటు కొద్దీ చెయ్యి ఇలా రాస్తుంది: "నాన్నమ్మ అటు తిరగ్గానే తుంటరి మేక మెల్లగా వచ్చి తమలపాకులన్నీ కరకరా నమిలేసింది. పాపం, నాన్నమ్మకు ఏమీ తెలియలేదు." వాక్యంగా బాగానే ఉంది. కానీ పిల్లలకు ఇంకేం మిగిల్చాం? మేకను మనమే చూపించేశాం, అది తుంటరిదని మనమే చెప్పేశాం, పాపం అని జాలి కూడా మనమే పడ్డాం. వినేవాళ్లు చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు.

దాని బదులు నాలుగో పేజీ మొత్తం మాటలు ఇవి:

"ఖాళీ!
'ఏవండీ, వంద ఆకులూ మీరే నమిలేశారా?' అంది నాన్నమ్మ."

బొమ్మలో తాతయ్య నోరు నిజంగానే ఎర్రగా ఉంటుంది, నోటి నిండా తాంబూలం, జవాబు చెప్పలేడు. ఐదో పేజీ కింది అంచున ఒక తోక, దాని పక్కన సగం కొరికిన ఆకు. మామిడాకులు పోయినప్పుడు నాన్నమ్మ "గాలికి ఎగిరిపోయి ఉంటాయి" అంటుంది. అరటాకులు పోయి ఈనెలు మాత్రం మిగిలితే "కోతుల పనే!" అంటుంది. ఆమె ఒక్కో తప్పుడు కారణం చెప్పినకొద్దీ పిల్లల గొంతు లేస్తుంది. పుస్తకం మొత్తంలో "మేక" అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఆ మాటను పిల్లలకు వదిలేశాను. వాళ్లే అరుస్తారు.

రాసిన ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఇది బొమ్మలో కనబడుతోందా? కనబడితే వాక్యాన్ని కొట్టేయండి. 16 పేజీలకు 150 మాటలు దాటితే నాకు అనుమానం వస్తుంది. మాటల్లో ఉండాల్సినవి బొమ్మ చెప్పలేనివి: మనుషులు అనుకునేది, అనేది, వినిపించేది.

వినిపించే వాటికి మన భాషలో లోటే లేదు. దబ్బున, జర్రున, చటుక్కున, బుడుంగున, టపటపా, గబగబా. పిల్లలు ఈ మాటల్ని రోజంతా నోట్లో తిప్పుకుంటారు. జంట పేజీకి ఒకటి చాలు, అదీ చేత్తో బొమ్మలోనే రాస్తే బాగుంటుంది. నా పుస్తకంలో "కరకర" మొదటిసారి చిన్నగా, రెండోసారి పెద్దగా, మూడోసారి పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు ఉంటుంది. చదవడం రాని పిల్లలు కూడా అక్షరం సైజు చూసి గొంతు పెంచుతారు.

బొమ్మ

ముందు ఒక పెద్ద కాగితం మీద మీ పాత్రలను ఎదురుగా, పక్క నుంచి, వెనక నుంచి, ఆశ్చర్యపోయినప్పుడు ఎలా ఉంటారో గీసి గోడకు అంటించుకోండి. నాన్నమ్మ ముడి, కళ్లజోడు, చీర రంగు ప్రతి పేజీలో ఒకటే ఉండాలి. మూడో పేజీలో ఎర్ర అంచు ఉండి ఏడో పేజీలో పచ్చ అంచు వస్తే పిల్లలు కథ వదిలేసి దాని గురించే అడుగుతారు. ఎన్ని తక్కువ గీతలతో ముఖంలో ఎంత భావం తేవచ్చో తెలియాలంటే బాపు బొమ్మలు ముందు పెట్టుకుని కనుబొమలు, పెదవి చివరలు మాత్రమే చూసి గీయండి. ఆయన శైలి దించుకోవడం కోసం అనడం లేదు, ఏ గీత ఏ పని చేస్తుందో తెలియడం కోసం.

మేక కంటి పాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా ఉంటుంది. దగ్గర్నుంచి చూడండి, తెలుస్తుంది. గుండ్రటి కంట్లో ఒక అడ్డగీత గీస్తే దొంగతనం చేస్తూ కూడా ఎంతో అమాయకంగా కనిపిస్తుంది. నేను మేకకు కనుబొమలు పెట్టలేదు, నవ్వు పెట్టలేదు. నమిలే దవడ ఒక్కటే కదులుతుంది. బొమ్మలో పాత్రే నవ్వేస్తే పిల్లలకు నవ్వు తగ్గుతుంది. అది ఎంత గంభీరంగా ఉంటే వాళ్లు అంత నవ్వుతారు.

కథ మొదలయ్యాక మేకను ఒకేసారి చూపించలేదు. మూడో పేజీ అంచున రెండు చెవులు. ఏడో పేజీలో తల, మెడ. పదకొండులో నాన్నమ్మ వీపు వెనక మొత్తం మేక. చిన్న పేజీలో వెనకాల మొక్కలు, మబ్బులు, గోడ గడియారం అన్నీ వేసి నింపకండి. చూడాల్సింది కనబడాలంటే చుట్టూ ఖాళీ కావాలి. మడత దగ్గర రెండు వైపులా సెంటీమీటరు వదలండి. అక్కడ ముఖం పడితే పిన్నులు కొట్టాక ముక్కు మాయమవుతుంది.

ఒకటో పేజీలో పుస్తకం పేరు, కింద మేక, దాని నోట్లో నాలుగు మూలలా పసుపు రాసిన గృహప్రవేశం కార్డు. మొదటిసారి చదివినప్పుడు దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 14-15లో అందరూ పంక్తిలో కూర్చుని, పక్కింటి స్టీలు కంచాల్లో భోంచేస్తుంటారు. నాన్నమ్మ వరస వెంట చూస్తూ అడుగుతుంది: "పిలిచిన వాళ్లందరూ వచ్చారా?" పేజీ తిప్పితే 16లో ఒకటే మాట, "వచ్చారు." నాన్నమ్మ, మేక ఎదురెదురుగా, కార్డు మేక నోట్లో. పిల్లలు వెంటనే వెనక్కి తిప్పి మొదటి పేజీ చూస్తారు. రెండో చదువుకు ఇలాంటిది ఒకటి దాచిపెట్టకపోతే పుస్తకం ఒక్క రాత్రితో అయిపోతుంది. పిల్లల పుస్తకాన్ని కొనేది ఒకసారే అయినా చదివేది వందసార్లు.

ఎవరి మీద నవ్వు

లావుగా ఉన్నవాళ్లు, నల్లగా ఉన్నవాళ్లు, బట్టతల, నత్తి, ఇంట్లో పనిచేసే మనిషి. మన సినిమా కామెడీలో వీళ్ల మీద నవ్వు ఎంత అలవాటైపోయిందంటే చెయ్యి తెలియకుండానే అటు వెళ్తుంది. ఆపండి. మీ పుస్తకం వినే పిల్లల్లో లావుగా ఉన్న పిల్ల ఉంటుంది, నత్తి ఉన్న పిల్లాడు ఉంటాడు. పక్కవాళ్లు నవ్వుతుంటే వాళ్లు ఎటు చూడాలి? ఈ విషయంలో నేను సర్దుకోను.

నాన్నమ్మ తెలివితక్కువది కావడం కూడా నాకు ఇష్టం లేదు. అందుకే ప్రతి బొమ్మలో ఆమె చేతినిండా పని ఉంటుంది. పళ్లెం, ముగ్గు గిన్నె, వచ్చినవాళ్లను పలకరించడం. ఆమె చూడలేదంటే తీరిక లేక చూడలేదు. అప్పుడు పిల్లలు ఆమెను వెక్కిరించరు, సాయం చెయ్యాలని చూస్తారు.

పిల్లల ముందు పెట్టడం

పెన్సిల్ బొమ్మలతో ఉన్న డమ్మీని రంగులు వెయ్యకముందే చదివి వినిపించండి. రంగులు వేశాక మార్చాలంటే మనసొప్పదు. పుస్తకాన్ని మీ ముఖం పక్కన, పిల్లల కళ్ల ఎత్తులో పట్టుకోండి. బొమ్మ చూడటానికి టైమ్ ఇచ్చి తర్వాత చదవండి. "ఇదేంటి? ఇదే రంగు?" అని పరీక్షలు పెట్టకండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఫ్యాను వైపు చూశారో చదవడం అయిన వెంటనే డమ్మీ అంచున రాసుకోండి. పెద్దవాళ్లు నవ్వి పిల్లలు నవ్వని చోటు ఉంటే అది తీసేయాలి.

ఈ మేక పుస్తకం చదివినప్పుడు అంగన్‌వాడీలో ఒక పాప, ఎప్పుడూ గోడకు ఆనుకుని మాట్లాడకుండా కూర్చునే పాప, పదకొండో పేజీ దగ్గర లేచి వచ్చింది. మేక మూతి మీద అరచెయ్యి పెట్టి గట్టిగా మూసి పట్టుకుంది, అరటాకులు తినకుండా. పేజీ తిప్పనివ్వలేదు. మిగతా పిల్లలు "తియ్యవే, తియ్యి!" అని గోల. ఆ తర్వాత మేకను అన్ని పేజీల్లోనూ కింది అంచుకు, చిన్న చెయ్యి అందే చోటుకు దించాను. పైన వేస్తే నాకు బొమ్మ అందంగా కుదిరేది. కానీ పిల్లలు ముట్టుకోగలగడం నాకు ముఖ్యం.

చదివేటప్పుడు మీ ఇంటి మాటల్లోనే చదవండి. నేను రాసింది కృష్ణా జిల్లా మాట. వరంగల్‌లో చదివేవాళ్లు నాన్నమ్మను నాయినమ్మ అనుకోవచ్చు, "నమిలేశారా" బదులు "నమిలిండ్రా" అనొచ్చు, నవ్వు ఏమీ తగ్గదు. అమెరికాలో ఉన్న మనవడికి వీడియో కాల్‌లో చదివే అమ్మమ్మలు ముందు బొమ్మను కెమెరాకు దగ్గరగా పెట్టి, పిల్లాడు "మేక!" అన్నాక మాటలు చదివితే సరిపోతుంది.

ప్రెస్సు పని

ఇది త్వరగా చెప్పేస్తాను. అక్షరాలు 20 పాయింట్లకు తగ్గకూడదు. లైన్ల మధ్య ఖాళీ బాగా వదలండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో మండలి చిన్నపిల్లలకు స్పష్టంగా ఉంటుంది. ప్రెస్సుల్లో ఇప్పటికీ అనూ ఫాంట్లు వాడతారు. మీరు మాత్రం యూనికోడ్‌లో (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే పద్ధతిలో) టైప్ చేసి పెట్టుకోండి, రేపు ఫోన్లో పెట్టాలన్నా పనికొస్తుంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోతే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి.

బొమ్మలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) స్కాన్ చెయ్యాలి. ఫోన్‌తో ఫొటో తీస్తే మూలలు వంగుతాయి. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కాగితం కోసేటప్పుడు పోయేలా బొమ్మను అంచు దాటించి వేసే భాగం) వదలండి. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ సీఎంవైకేలో (ప్రెస్సు వాడే నాలుగు సిరాల్లో) వాడిపోయినట్టు వస్తుంది, కాబట్టి ఒక పేజీ ప్రూఫ్ (నమూనా ప్రింటు) తీయించి ఆకుల రంగు సరిచూసుకోండి. తక్కువ కాపీలకు డిజిటల్ ప్రింట్ మేలు. ప్లేట్లతో అచ్చు వేసే ఆఫ్‌సెట్‌లో రంగుకొక ప్లేటు చొప్పున నాలుగేసి ప్లేట్లు పడతాయి, వందల్లో వేస్తే తప్ప ఖర్చు కలిసిరాదు. లోపలికి 130 జీఎస్ఎం, అట్టకు 300 జీఎస్ఎం కాగితం (జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత). అమ్మకానికి పెట్టేట్టయితే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) తీసుకోండి, మన దేశంలో రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది.

బైండింగ్‌కు సెంటర్ పిన్ను (మధ్య మడత మీద పిన్నులు కొట్టడం) చెప్పండి. మూలలు గుండ్రంగా కోయించండి, పొడుచుకోవు, త్వరగా నలగవు. కట్టలు ఇంటికొచ్చాక ఒక్కో పుస్తకం మధ్య పేజీ తెరిచి పిన్నుల మొనలను వేలితో తడిమి చూడండి. పైకి లేచినవాటిని చెంచా వెనకభాగంతో నొక్కేసి, ఆ తర్వాతే పిల్లల చేతికి ఇవ్వండి.